ఇత్తడి కోడి

పుష్యమాసం మంచులో, రాయపూర్ పోయే లారీ ఒకటి
కూరగాయల సంత ముందు స్తంభాన్ని గుద్దేసింది.
రామభద్రపురం మొత్తం ఒక్కసారి రెప్ప మూసింది.
మిషను మీద నాగరత్నంగారి జాకెట్టు,
ఒక చెయ్యి కుట్టీ, ఒక చెయ్యి కుట్టకా.
సూది గుడ్డలో దిగి అక్కడే ఉండిపోయింది.
బుడగల చప్పుడు ఆగింది.

గాజుతొట్టె నేను కొన్నది కాదు.
పక్క కొట్లో సెల్‌ఫోన్లు బాగుచేసే బంగారునాయుడు
దుకాణం ఎత్తేస్తూ, మూడు ప్యాంట్ల కుట్టుకూలి బాకీ కింద
ఆరు చేపల్నీ ఒక హీటర్నీ వదిలి వెళ్ళాడు.
"ఇరవయ్యారు తగ్గకుండా చూడప్పా,
సలికి తట్టుకోలేవు ఇవి" అన్నాడు,
నడుం కొలత చెప్పినట్టు.
కొలతలు నేను మర్చిపోను.

లైన్‌మేన్ గౌరీశుకి ఫోన్ చేశాను.
"స్తంభమే ఇరిగిపోనాదప్పా,
తెల్లారితేగాని ఏటీ సెప్పలేం."

సెల్ లైటు వేసి చూశాను. ఇరవై అయిదు.
బొంత తీశాను.
పదేళ్ళ జాకెట్ల మిగుళ్ళన్నీ అందులో ఉన్నాయి:
టీచరమ్మ పసుప్పచ్చ, పోస్టుమాస్టరు భార్య వంగపండు రంగు,
ఎవరి పెళ్ళిదో జానెడు పట్టు.
తొట్టె చుట్టూ బిగించి కట్టి, వెనక పిన్నీసులు పెట్టాను.
ఊళ్ళో ఆడవాళ్ళంతా చేపల్ని కావలించుకుని
చీకట్లో నిలబడ్డట్టుంది.

ఇరవై నాలుగు.

అటక మీద అమ్మ బొగ్గుల ఇస్త్రీపెట్టె.
కరెంటుది కొన్నాక దాని మొహం చూడలేదు.
మూత మీద ఇత్తడి కోడి, తోక కొంచెం విరిగి.
బొగ్గులు రాజేసి విసిరితే
పక్క కంతల్లోంచి ఎర్రగా చూసింది, కోపంగానే.
పాత చీరలు మడతపెట్టి కాలేదాకా రుద్దడం,
బొంతకీ అద్దానికీ నడుమ దూర్చడం,
చల్లారినవి లాగడం, మళ్ళీ రుద్దడం.

పొగ పోవాలంటే షట్టరు సగం ఎత్తాలి,
ఎత్తితే మంచు లోపలికి వస్తుంది.
చేపలకి గాలి ఆడాలంటే మూత తీసి
లోటాతో ముంచి ఎత్తునుంచి పొయ్యాలి,
తీస్తే దాచిన వెచ్చదనం లేచిపోతుంది.
దేన్ని ఎంత తియ్యాలో, ఎంతసేపు తియ్యాలో
మెడలో వేలాడుతున్న టేపు చెప్పలేదు.

రెండున్నరకి జన్నమ్మ వంకాయల గంపతో వచ్చింది.
సంత తెరిచేదాకా రోజూ నా గుమ్మంలోనే కూర్చుంటుంది.
"ఈయేల ఇస్త్రీ ఏటప్పా? పెళ్ళోరి బట్టలా?"
"చేపలకి."
"తినీ సేపలా?"
"కాదు."
"మరేటికి?"
చెప్దామని నోరు తెరిచాను.
చేతిలో చీర చల్లారిపోతోంది. మూసేశాను.

ఆమె బొంత సందులోంచి కాసేపు చూసింది.
అద్దం మీద అరచెయ్యి ఆనించి, తీసి,
తన చెంపకి పెట్టుకుంది.
గంప మీది గోనెపట్టా లాగి తొట్టె మూత మీద పరిచింది.
వంకాయలు మంచుకి నిగనిగలాడుతూ ఉండిపోయాయి.
"నువ్వు రుద్దు. నానిసురుతాను."

ఇరవై మూడు.
అక్కడ ఆగింది.
నాలుగింటికీ ఇరవై మూడే. అయిదింటికీ.
సంత అరుపులు మొదలయ్యాయి, జన్నమ్మ లేవలేదు.
ఆ పూట వంకాయ ఎంత పలికిందో నేనడగలేదు,
తను చెప్పలేదు.

పదకొండుకి కరెంటు వచ్చింది.
హీటరు మీద ఎర్ర చుక్క, గురివింద గింజంత.
అయిదు చేపలు తిరుగుతున్నాయి.
ఆరోది, నల్లచారలది, గులకరాళ్ళ మీద ఒరిగి ఉంది.
మొప్పలు అదే కదుపుతోందో, బుడగలు కదుపుతున్నాయో
తేల్చుకోలేక మధ్యాహ్నం దాకా కూర్చున్నాను.

సాయంత్రం నాగరత్నంగారొచ్చి జాకెట్టు అడిగారు.
రెండో చెయ్యి ఇంకా కాలేదన్నాను.
"రాత్రంతా కరెంటు లేదు కదా,
హాయిగా పడుకునుంటావు" అన్నారు, నవ్వుతూ.
అవునన్నాను.
గుడ్డ ముక్కుకి ఆనించి
"ఇదేంటి, బొగ్గు వాసన?" అన్నారు.

బల్ల కింద ఇత్తడి కోడి బూడిదలో కూర్చుని ఉంది.
దాన్ని మళ్ళీ అటకెక్కించలేదు.